ఇ-సిగరెట్ల విక్రయ విస్తరణ - వర్జీనియా పొగాకు సాగు

ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో పొగాకు కాలదు. బ్యాటరీతో వేడెక్కే తీగ, నికోటిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన ద్రవ్యాలు కలిసిన ద్రావణాన్ని పీల్చుటకు వీలైన సూక్ష్మ తుంపరలుగా మారుస్తుంది. అమెరికాలో తొలుత ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారా అమ్ముడైన ఈ సాధనాలు, పెద్ద పొగాకు సంస్థల ప్రవేశంతో కిరాణా దుకాణాలకు, పెట్రోలు బంకులకు విస్తరించాయి. 2012లో లొరిల్లార్డ్ సంస్థ 'బ్లూ'ను కొనుగోలు చేయగా, 2014లో రేనాల్డ్స్ సంస్థ 'వ్యూజ్'ను దేశవ్యాప్తంగా ప్రవేశపెట్టింది.

భారతదేశంలో 2019 నాటి చట్టం వీటి తయారీ, దిగుమతి, ఎగుమతి, అమ్మకం, ప్రకటనలను నిషేధించింది. అయినను ఆంధ్రప్రదేశ్‌లో పండే వర్జీనియా పొగాకులో అధిక భాగం ఎగుమతి అగుటచే, విదేశీ దుకాణాలలోని మార్పు ఇక్కడి రైతుకు సంబంధించినదే.

వేలం కేంద్రంలో ఆకు ధరను రంగు, పక్వత, నాణ్యత నిర్ణయిస్తాయి. ఈ నాణ్యత కొరకే రైతు బ్యారన్‌లో క్యూరింగ్‌కు, కట్టెలకు, కూలీలకు వ్యయం చేస్తాడు. ద్రావణానికి కావలసినది శుద్ధి చేసిన నికోటిన్ మాత్రమే. దానిని తక్కువ రకం ఆకు నుండి, పొగాకు వ్యర్థాల నుండి కూడా తీయవచ్చు. కృత్రిమంగానూ తయారు చేయవచ్చు. కనుక ఇ-సిగరెట్ల గిరాకీ పెరిగినంత మాత్రాన మేలురకం ఆకుకు గిరాకీ పెరుగుతుందని భావించరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ భేదాన్ని రైతులకు స్పష్టపరచవలెను. కొత్త బ్యారన్లకు అప్పు చేయుటకు ముందు, నేల స్వభావాన్ని, నీటి వసతిని బట్టి శనగ, మినుము వంటి ప్రత్యామ్నాయ పంటల నికరాదాయాన్ని పొగాకుతో పోల్చి చూపుట అవసరం.