ప్లేటు మీద ఎవరి పేరు, పెట్టెలో ఎవరి డబ్బు : జాజ్ రికార్డింగుల చరిత్ర

1928 ఏప్రిల్‌లో మాక్సిం గోర్కీ ‘ప్రావ్దా’ పత్రికలో జాజ్ మీద ఒక వ్యాసం రాశాడు. అప్పుడాయన ఇటలీలో సొరెంటోలో ఉంటున్నాడు. రేడియోలో వినిపించిన ఆ వాద్యఘోష ఆయనకి రోత పుట్టించింది. దాన్ని కొవ్వెక్కిన వాళ్ళ సంగీతమన్నాడు. 1936లో జర్మన్ మార్క్సిస్టు విమర్శకుడు ఆడోర్నో మరో దారిలో దాదాపు అక్కడికే చేరాడు. జాజ్‌లో స్వేచ్ఛగా కనిపించేది నిజానికి మార్కెట్టు అచ్చుపోసిన సరుకేనని ఆయన వాదన.

ఈ మాటల్లో నిజం బొత్తిగా లేదని అనలేం. డబ్బున్నవాళ్ళు హోటళ్ళలో ఈ సంగీతానికి అడుగులు వేశారు. కంపెనీలు దాన్ని అమ్ముకుని లాభాలు గడించాయి. అయితే ఇద్దరూ సంగీతాన్ని కొనేవాడి వైపునుంచీ అమ్మేవాడి వైపునుంచీ చూశారే తప్ప తయారుచేసేవాడి వైపునుంచి చూడలేదు. గోర్కీ వ్యాసం వచ్చిన రెండు నెలలకి, జూన్ 28న, చికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఓకే కంపెనీ కోసం ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ వాయించాడు. న్యూ ఆర్లియన్స్ పేదవాడలో పుట్టి, నల్లపిల్లలని నిర్బంధించే గృహంలో కార్నెట్ సాధన చేసిన మనిషి అతను. మూడు నిమిషాలు దాటీ దాటని ఆ ప్లేటు జాజ్‌లో మనోధర్మానికి నేటికీ కొలబద్దగా నిలిచింది. దాన్ని కొవ్వెక్కిన వాళ్ళ సంగీతమని ఎవరూ అనలేరు. సరుకు కాదనీ అనలేరు. ఈ రెండూ ఒకే ప్లేటులో ఎలా ఇమిడాయన్నది మన ప్రశ్న. జవాబు కోసం రికార్డింగ్ సెషన్‌ని ఒక పనిస్థలంగా చూడాలి. అక్కడ యంత్రం ఉంది, యజమాని ఉన్నాడు, గంటల లెక్కన శ్రమ అమ్ముకునే కళాకారుడు ఉన్నాడు.

గరాటు ముందు

జాజ్ పేరుతో మొదటి రికార్డుని విక్టర్ కంపెనీ 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో తీసింది. వాయించిన ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ వాళ్ళు అయిదుగురూ తెల్లవాళ్ళే. ఆ సంగీతాన్ని పుట్టించి పెంచిన నల్లజాతి బృందాల రికార్డులు చెప్పుకోదగ్గ సంఖ్యలో రావడానికి 1923 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ ఏడు ఏప్రిల్ 5, 6 తేదీల్లో కింగ్ ఆలివర్ తన క్రియోల్ జాజ్ బ్యాండ్‌తో చికాగో నుంచి ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ వెళ్ళాడు. అక్కడ పియానోలు చేసే ఒక కంపెనీకి జెనెట్ అనే రికార్డుల శాఖ ఉండేది. స్టూడియో రైలు పట్టాల పక్కనే. బండి వచ్చినప్పుడల్లా పని ఆపుకోవలసిందే. అదే కంపెనీ, కూ క్లక్స్ క్లాన్ వాళ్ళు డబ్బు కట్టి తెచ్చిన పాటలనీ ప్లేట్లుగా అచ్చువేసి ఇచ్చింది. నల్లవాడి సంగీతం, నల్లవాణ్ణి చంపేవాడి సంగీతం ఒకే యంత్రం కిందినుంచి వచ్చాయి.

అప్పటికి మైక్రోఫోన్లు రాలేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన పెద్ద గరాటు ముందు అందరూ నిలబడి వాయించాలి. ఆ ధ్వని అవతల సూదిని కదిలిస్తే, సూది మైనపు పలక మీద గీత గీస్తుంది. ధ్వనిని హెచ్చించే, తగ్గించే సాధనం లేదు కనక మనుషులనే ముందుకీ వెనక్కీ జరిపేవాళ్ళు. బృందంలో రెండో కార్నెట్ వాయించే కుర్రవాడు ఆర్మ్‌స్ట్రాంగ్. అతని ఊపు గురువు ఆలివర్‌ని మింగేస్తుంటే అతన్ని చాలా దూరం వెనక్కి నిలబెట్టారు. డ్రమ్స్ గట్టిగా మోగితే సూది ఎగిరిపోతుంది. అందుకని బేబీ డాడ్స్ పెద్ద డ్రమ్ము వదిలేసి చెక్కముక్కల మీద తాళం వేశాడు.

ఈ వివరాలు తెలియనివాడు ఆ ప్లేట్లు విని, తొలినాటి జాజ్‌లో డ్రమ్స్‌కి ప్రాధాన్యం లేదని తీర్పు చెప్పగలడు. అది సంగీతం స్వభావం కాదు, యంత్రం పరిమితి. పది అంగుళాల ప్లేటుకి ఒక పక్క సుమారు మూడు నిమిషాలకి మించి పట్టదు. నాట్యశాలలో జనం ఊపుని బట్టి ఎంతసేపైనా సాగే పాట అక్కడ మూడు నిమిషాలకి కుదించుకుపోయింది. రంగస్థల పద్యాలని గ్రామఫోను ప్లేట్ల మీద విన్న మన పెద్దలకి ఈ ఇరుకు కొత్తది కాదు. రాగాలాపన తెగ్గొట్టి, పద్యం అయిందనిపించిన ప్లేట్లు మనకీ ఉన్నాయి.

1925లో మైక్రోఫోను వచ్చాక స్టూడియోలో స్థానాలు మారాయి. నిమిషాలు మాత్రం మారలేదు. తల్లి పోయిన దుఃఖంలో డ్యూక్ ఎల్లింగ్టన్ 1935లో కూర్చిన ‘రెమినిసింగ్ ఇన్ టెంపో’ పదమూడు నిమిషాల రచన. దాన్ని రెండు ప్లేట్ల నాలుగు పక్కలకి పంచవలసి వచ్చింది. విననిచ్చిన ఇరుకులోనే కళాకారులు విస్తృతి వెతుక్కున్నారు. ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ అలాంటి వెతుకులాట ఫలితం.

ప్లేటు వెల

1920లో మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లజాతి ప్రజలు కూడా రికార్డులు కొంటారన్న సంగతి అప్పుడు కంపెనీలకి తెలిసింది. వెంటనే ‘రేస్ రికార్డ్స్’ అని ఒక వేరు పట్టీ తయారైంది. రైల్లో వేరు పెట్టె, హోటల్లో వేరు తలుపు ఉన్నట్టే ప్లేట్లకీ వేరు జాబితా వచ్చింది.

సంగీతకారుడికి ముట్టేది సాధారణంగా సెషన్‌కో, ప్లేటు పక్కకో ఇంతని కూలి. ప్లేటు వెయ్యి అమ్మినా లక్ష అమ్మినా ఆ కూలి మారదు. కౌంట్ బేసీ 1936లో డెక్కా కంపెనీతో చేసుకున్న ఒప్పందం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఏడాదికి 24 పక్కలు, మొత్తం బృందానికి 750 డాలర్లు, రాయల్టీ శూన్యం. ఆ బృందం గొప్పతనాన్ని లోకానికి చాటిన జాన్ హామండ్ ఆ కాగితం చూసి నిర్ఘాంతపోయాడు. యూనియన్ జోక్యంతో కూలి కొంత పెరిగింది గాని రాయల్టీ రాలేదు.

రచన మీది హక్కు ఇంకో మెలిక. ఎల్లింగ్టన్ పాటలు చాలావాటి మీద అతని మేనేజరు, ప్రచురణకర్త అయిన ఇర్వింగ్ మిల్స్ పేరు కూడా రచయితగా కనిపిస్తుంది. ఆ పేరుతోపాటు రాబడిలో వాటా వెళ్ళింది. 1945 నవంబర్ 26న సవాయ్ కంపెనీ సెషన్‌లో చార్లీ పార్కర్ ‘చెరొకీ’ అనే పాత పాట స్వరసంచారాన్ని ఆధారం చేసుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఆ పాట వరస వినపడగానే మొదటిసారి వాయింపు ఆగిపోయింది. వరస వాయిస్తే పాట హక్కుదారుకి డబ్బు కట్టాలి. కింది స్వరాల కూర్పు మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. పాత వరసని తీసేసి వాయించిన కొత్త రచనే ‘కోకో’. ఆధునిక జాజ్‌కి తలుపు తీసిన ప్లేట్లలో అది ఒకటి. పాత పాటల మీద కొత్త పాట కట్టే అలవాటుకి కళాకారుల సృజన ఎంత కారణమో, కంపెనీల పిసినారితనం అంతో ఇంతో కారణం.

మరుసటి ఏడు జూలై 29న లాస్ ఏంజిలిస్‌లో డయల్ కంపెనీ సెషన్‌కి పార్కర్ నిలబడలేని స్థితిలో వచ్చాడు. మాదకద్రవ్యం దొరక్క, మద్యంతో నెట్టుకొస్తున్న రోజులవి. ‘లవర్ మ్యాన్’ తడబడుతూ వాయించాడు. ఆ రాత్రే అతని పరిస్థితి విషమించింది. తర్వాత ఆరు నెలలు కామరిల్లో ఆసుపత్రిలో ఉన్నాడు. కంపెనీ మాత్రం ఆ రికార్డుని బజారులో పెట్టింది. పార్కర్ అది క్షమించలేదు. ఆ రికార్డులో గుండెలు పిండే వేదన ఉందని మెచ్చుకునేవాళ్ళు నేటికీ ఉన్నారు. ఒక రోగి బలహీన క్షణాన్ని అతని ఇష్టం లేకుండా అమ్మడం సబబా అన్న ప్రశ్నకి ఆ మెచ్చుకోలు జవాబు కాదు.

సమ్మె

1942 ఆగస్టు 1న అమెరికా సంగీతకారుల సమాఖ్య రికార్డింగులు బంద్ చేసింది. నాయకుడు జేమ్స్ పెట్రిల్లో. హోటళ్ళలో, రేడియోల్లో మనిషి వాయించే చోటల్లా ప్లేటు తిరుగుతోంది. తాను చేసిన ప్లేటే సంగీతకారుడి ఉద్యోగాన్ని ఊడగొడుతోంది. ప్రతి ప్లేటు మీదా ఇంతని నిధికి కట్టాలని యూనియన్ కోరింది. డెక్కా 1943 సెప్టెంబర్‌లో దిగివచ్చింది. విక్టర్, కొలంబియా 1944 నవంబర్ దాకా బిగదీసుకున్నాయి. ఆ నిధితో నిరుద్యోగ సంగీతకారులకి కూలి ఇచ్చి ప్రజలకి ఉచిత కచేరీలు ఏర్పాటు చేశారు.

అదే సమయంలో యుద్ధం మరో దెబ్బ తీసింది. ఆనాటి ప్లేట్లని గట్టిపరిచేది లక్క. దానికి ప్రధాన వనరు మన దేశమే. ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసులు మోదుగ, రేగు, పుసుగు చెట్ల కొమ్మలనుంచి గీకి తెచ్చిన లక్క కలకత్తా మీదుగా అమెరికా చేరేది. యుద్ధంలో సరఫరా చిక్కుల్లో పడటంతో 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకి లక్క వాడకాన్ని బాగా తగ్గించింది. చికాగో నల్లవాడి ఊపిరి, ఛోటానాగపూర్ ఆదివాసి చెమట ఒకే ప్లేటులో కలిశాయి. ప్లేటు అమ్మిన డబ్బు మాత్రం ఇద్దరిలో ఎవరి దగ్గరికీ చేరలేదు.

సమ్మెకి ఒక అనుకోని ఫలితం ఉంది. 1943లో పార్కర్, డిజ్జీ గిలెస్పీ ఎర్ల్ హైన్స్ బృందంలో కలిసి వాయించారు. బీబాప్ అనే కొత్త సంగీతం రూపు దిద్దుకుంటున్న రోజులవి. ఆ బృందం రికార్డు ఒక్కటీ లేదు. 1945లో ప్లేట్లు వచ్చినప్పుడు అది ఆకాశంనుంచి ఊడిపడినట్టు జనం నివ్వెరపోయారు. ప్లేట్ల వరసే చరిత్ర అనుకునే విమర్శకుడు ఇక్కడ బోల్తాపడతాడు. సమ్మెని సమర్థించేటప్పుడు ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఆ యూనియన్‌లోనే అనేక నగరాల్లో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరువేరు శాఖలుండేవి. లాస్ ఏంజిలిస్‌లో అవి 1953లో గాని కలవలేదు.

టేపు తెచ్చిన మార్పు

1948లో కొలంబియా కంపెనీ ఎల్.పి. రికార్డుని విడుదల చేసింది. అదే కాలంలో అయస్కాంత టేపు స్టూడియోలోకి వచ్చింది. మూడు నిమిషాల గోడ కూలింది. రూడీ వాన్ గెల్డర్ అనే కళ్ళడాక్టరు న్యూజెర్సీలో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే బ్లూ నోట్, ప్రెస్టీజ్ కంపెనీలకి రికార్డు చేశాడు. నాజీల జర్మనీనుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ లయన్, ఫ్రాన్సిస్ వుల్ఫ్ నడిపిన బ్లూ నోట్ రిహార్సళ్ళకి కూడా డబ్బిచ్చేది. అదే గది, అదే యంత్రం, చాలాసార్లు అవే మనుషులు. అయినా బ్లూ నోట్ రికార్డులకి వేరే బిగువు ఉండటానికి ఆ రిహార్సలు కూలి ఒక కారణం.

ప్రెస్టీజ్ పద్ధతి వేరు. మైల్స్ డేవిస్ కొలంబియాకి వెళ్ళిపోవాలంటే పాత బాకీ తీర్చాలి. 1956 మే 11న, అక్టోబర్ 26న రెండే సెషన్లలో అతని బృందం నాలుగు ఎల్.పి.లకి సరిపడా వాయించింది. క్లబ్బుల్లో కలిసి పనిచేసినవాళ్ళకే అది సాధ్యం. ఆ సాధన ఖర్చు కంపెనీ ఖాతాలో లేదు.

అతని ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959 ఆగస్టు 17న విడుదలైంది. అదే నెల 25న న్యూయార్క్‌లో తాను వాయిస్తున్న బర్డ్‌లాండ్ క్లబ్బు బయట నిలబడి ఉంటే పోలీసులు తల పగలగొట్టారు. గుమ్మం మీద అతని పేరే ఉంది.

కాదన్న పాటలు

కంపెనీ కూలినే కాదు, మాటనీ నియంత్రించింది. నల్లవాళ్ళని చెట్లకి వేలాడదీసి చంపే దారుణం మీద ఏబెల్ మీరోపోల్ అనే కమ్యూనిస్టు ఉపాధ్యాయుడు రాసిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ని బిల్లీ హాలిడే పాడితే కొలంబియా రికార్డు చెయ్యనంది. 1939 ఏప్రిల్‌లో కమోడోర్ అనే చిన్న కంపెనీ చేసింది. దాని మూలం ఒక రికార్డుల దుకాణం. ఆర్కన్సా గవర్నరు ఫాబస్ 1957లో నల్లపిల్లలని బడిలోకి రానివ్వకుండా సైనికులని నిలబెట్టాడు. చార్లెస్ మింగస్ అతన్ని ఎద్దేవా చేస్తూ కట్టిన పాట 1959లో కొలంబియా రికార్డులో మాటలు లేకుండా వచ్చింది. మాటలతో రావడానికి 1960లో కాండిడ్ అనే చిన్న కంపెనీ కావలసి వచ్చింది. అదే ఏడు ఆ కంపెనీకే మాక్స్ రోచ్, ఆబీ లింకన్ ‘వీ ఇన్‌సిస్ట్!’ చేశారు. దాని అట్ట మీద హోటలు బల్ల దగ్గర బైఠాయించిన నల్లయువకుల బొమ్మ ఉంది.

కళాకారులు ఇతరుల దయ కోసం కూర్చోలేదు. మింగస్, రోచ్ 1952లోనే ‘డెబ్యూ’ అనే సొంత కంపెనీ పెట్టారు. 1965లో చికాగో సంగీతకారులు ఏ.ఏ.సి.ఎం. అనే సంఘం కట్టుకున్నారు. 1971లో చార్లెస్ టాలివర్, స్టాన్లీ కోవెల్ ‘స్ట్రాటా ఈస్ట్’ ప్రారంభించారు. అక్కడ టేపు హక్కు వాయించినవాడిదే. ఇవి పెద్ద కంపెనీలని కూలదొయ్యలేదు. సంగీతానికీ దాని యాజమాన్యానికీ ఉన్న ముడి విప్పవచ్చని మాత్రం చూపించాయి.

వందేళ్ళ తర్వాత

1923లో కింగ్ ఆలివర్ రిచ్‌మండ్‌లో చేసిన ప్లేట్లు 2024 జనవరి 1న అమెరికా చట్టం ప్రకారం ప్రజల సొత్తయ్యాయి. అంతకాలమూ అవి ఎవరో ఒకరి ఆస్తి. ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ కట్టింది కూడా ఆలివరే. పళ్ళు పాడై కార్నెట్ ఊదలేక, జార్జియాలోని సవానాలో ఒక ఆటశాల ఊడ్చే పనిచేస్తూ 1938లో ఆయన చనిపోయాడు.

జాజ్‌ని ‘స్వేచ్ఛా సంగీతం’ అని పొగిడి ఊరుకునే విమర్శ ఈ చరిత్రని దాచిపెడుతుంది. సరుకని కొట్టిపారేసే విమర్శ ఆ సరుకుని చేసిన మనిషిని దాచిపెడుతుంది. గోర్కీకి రేడియోలో వినపడింది హోటలు. ఆ చప్పుడు వెనక ఒక పనిస్థలం ఉందనీ, అక్కడ మూడు నిమిషాల్లో తన జీవితమంతా చెప్పుకోవలసిన కార్మికుడు ఉన్నాడనీ ఆయనకి తెలిసే వీలు లేకపోయింది. మనకి ఆ వీలుంది. అందుచేత ఏ రికార్డు విన్నా, ఎంత బాగుందన్న ప్రశ్న పక్కన ఇంకో మూడు ప్రశ్నలు పెట్టుకోవాలి. యంత్రం ఏది విననివ్వలేదు? యజమాని ఏది వద్దన్నాడు? వాయించినవాడికి ఏం ముట్టింది? ఈ ప్రశ్నలు సంగీతాన్ని తక్కువ చెయ్యవు. ఆ ఇరుకులో ఆ మనుషులు సాధించినది ఎంత పెద్దదో అప్పుడే తెలుస్తుంది.