పెర్ల్ భాషయందు వ్రాత మర్యాద

పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యను లోకోక్తి పెర్ల్ అను కంప్యూటరు భాషకు మిక్కిలి తగియున్నది. భాషాశాస్త్రము నభ్యసించిన లారీ వాల్ గారు 1987వ సంవత్సరమున దీనిని వెలువరించిరి. ఒక పనిని చేయుటకు ఒకటికంటె నెక్కువ మార్గములు గలవనుట దీని మూలసూత్రము. ఒకే లెక్కను పదుగురు విద్యార్థులు పది విధములుగా వ్రాసినను, పదియును సరియైన జవాబునే యీయవచ్చును. అట్లయిన నేది మంచి వ్రాత? తరువాత చదువు మనుష్యునకు సుబోధమైనదే మంచి వ్రాత యని మా యభిప్రాయము.

ఈ భాషతోపాటు వచ్చు శైలి పత్రమునందు వాల్ గారి యిష్టములు కొన్ని చెప్పబడినవి. పెక్కు పంక్తుల భాగమును ముగించు ఫ్లవర్ బ్రాకెట్టు, ఆ భాగము నారంభించిన మాటకు నేరుగా క్రింద నుండవలెననుట యందే వారికి గట్టి పట్టుదల. లోపలి పంక్తులకు నాలుగక్షరముల యెడము విడుచుట మొదలైనవి అంత ఖండితములు కావు. రెండు మూడు మాటలు గల పేర్లను కలిపివేయక, నడుమ క్రిందిగీత నుంచుట మేలనియు, ఆంగ్లము మాతృభాష కానివారికి అది మఱింత సులభమనియు ఆ పత్రము తెలుపుచున్నది. మన బాలబాలికల కిది మిక్కిలి యుపకారము.

అయితే అన్నియు రుచికి సంబంధించినవి కావు. కొన్ని యేండ్ల క్రిందట తరగతి మార్కులను కూడుటకు మేమొక ప్రోగ్రాము వ్రాసితిమి. గణితపు మార్కులకు పెట్టిన పేరును రెండవసారి వ్రాయునపుడు ఒక యక్షరము తప్పినది. యంత్రము దానిని క్రొత్త పేరుగా నెంచి, విలువ సున్నగా గ్రహించి, ఆ సున్ననే కూడెను. అందఱి మొత్తములును తగ్గినవి. ఫలితములు ప్రకటించుటకు ముందునాటి సాయంత్రము ఒక బాలిక తన మార్కులను చేతితో కూడి చూచి మాకు తెలిపెను. లేనిచో ఉత్తీర్ణులైన కొందఱు తప్పిరని తలిదండ్రులకు జాబులు పోయియుండును. ప్రోగ్రాము మొదట ‘యూజ్ స్ట్రిక్ట్’ అను పంక్తిని వ్రాసియున్నచో, ముందుగా ప్రకటింపని యా పేరును యంత్రమే నిరాకరించి, పని నడపక యుండెడిది. నాటినుండి ఆ పంక్తి లేక మేమేమియు వ్రాయుట లేదు.

కావున, విద్యార్థులారా, బ్రాకెట్టు స్థానమును మీ యిష్టము చొప్పున నెన్నుకొనుడు. ఎన్నుకొనినదానిని తుదివఱకు పాటింపుడు. కాని తప్పును పట్టియిచ్చు కట్టుబాటును మాత్రము విడువకుడు. ఒకే రీతిని పాటింపుమనియు, ఇతరులయెడ మంచిగా నుండుమనియు ఆ శైలి పత్రము ముగియుచున్నది. స్పష్టమైన వ్రాత చదువరికి మనము చేయు మేలు గనుక, ఆ రెండును ఒక్కటియే యని మా తలంపు.