ప్రకృతి దృశ్య నమోదులో విశాలకోణ కటకం, మధ్యమ ఫార్మాట్ డిజిటల్ బ్యాక్: గండికోట లోయ ఆధారంగా వివేచన

వ్యాససంగ్రహం:
ఛాయాచిత్రాన్ని పరిశోధనకు ఆధారంగా స్వీకరించేటప్పుడు, అది ఏ కటకంతో, ఎంత సెన్సర్‌పై నమోదైందో తెలియడం అవసరం. మధ్యమ ఫార్మాట్ డిజిటల్ బ్యాక్‌లతో విశాలకోణ కటకాలను వాడినప్పుడు దృశ్యకోణం, కొలతల నిష్పత్తి, రంగు ఎలా మారుతాయో కడప జిల్లాలోని జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు ప్రాంతాల భూదృశ్యాల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విశాలకోణ కటకం, డిజిటల్ బ్యాక్, నాభ్యంతరం, గండికోట, పెన్నా, క్వార్ట్‌జైట్.

1. ప్రవేశిక

జమ్మలమడుగు సమీపంలో ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహించే చోట గండికోట ఉంది. కోట పేరులోనే ఆ గండి ఉంది. ఈ లోయ చిత్రాలు విరివిగా ప్రచారంలో ఉన్నా, ఒక చిత్రంలో అగాధంగా కనిపించిన లోయ మరొక చిత్రంలో నిస్సారమైన వాగులా కనిపిస్తుంది. ఈ తేడాకు ఛాయాగ్రాహకుని నైపుణ్యం ఒక్కటే కారణం కాదు. నిలబడిన చోటు, కటకం, సెన్సర్ అనే మూడింటి పరస్పర సంబంధం ప్రధాన కారణం.

మైలవరం, గండికోట జలాశయాల వల్ల ఈ ప్రాంతంలో నీటిమట్టం, ఒడ్డు రేఖ మారుతూ ఉన్నాయి. తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ముంపునకు గురయ్యాయి. ఇటువంటి చోట నేటి చిత్రమే రేపటి చరిత్రకు సాక్ష్యం. కనుక ఆ సాక్ష్యాన్ని చదవగలగాలంటే దాని నిర్మాణం తెలియాలి.

2. కటకం ఒకటే, కోణాలు అనేకం

మధ్యమ ఫార్మాట్ కెమెరా వెనుక, ఫిల్ము పెట్టె ఉండే స్థానంలో అమర్చే సెన్సర్ పరికరమే డిజిటల్ బ్యాక్. దృశ్యకోణం కటకం నాభ్యంతరంపై మాత్రమే కాక, ప్రతిబింబాన్ని స్వీకరించే తలం వెడల్పుపై కూడా ఆధారపడుతుంది. 40 మి.మీ. కటకం 56×56 మి.మీ. ఫిల్ముపై అడ్డంగా 70 డిగ్రీల కోణాన్ని ఇస్తుంది. అదే కటకం 37×37 మి.మీ. సెన్సర్ గల తొలితరం బ్యాక్‌పై సుమారు 50 డిగ్రీలనే ఇస్తుంది. 44×33 మి.మీ. సెన్సర్‌పై అది 58 డిగ్రీలు, 54×40 మి.మీ. సెన్సర్‌పై 68 డిగ్రీలు. ఫిల్ము కాలపు విశాలకోణ కటకాలు డిజిటల్ బ్యాక్‌లపై తమ విశాలతను కోల్పోవడానికి కారణం ఇదే. అందువల్ల చిత్రవివరణలో నాభ్యంతరాన్ని మాత్రమే పేర్కొంటే సమాచారం అసంపూర్ణమవుతుంది.

3. లోయ అంచున కటకాన్ని జరపడం

లోయ అంచున నిలిచినవారు నదిని చూపడానికి సహజంగా కెమెరాను కిందికి వంచుతారు. వంచిన వెంటనే నిలువు గీతలు కిందివైపు దగ్గరవుతాయి. ఎదుటి శిలాకుడ్యం, కోట బురుజు తమ నిట్టనిలువుతనాన్ని కోల్పోతాయి. విశాలకోణంలో ఈ వైకల్యం మరింత ప్రస్ఫుటమవుతుంది.

దీనికి సాంకేతిక కెమెరాలో పరిష్కారం ఉంది. కెమెరాను సమతలంగా ఉంచి, కటకాన్ని మాత్రమే కిందికి జరుపుతారు. రోడెన్‌స్టాక్ సంస్థ వారి 32 మి.మీ. డిజరాన్-డబ్ల్యు కటకం 90 మి.మీ. వ్యాసం గల ప్రతిబింబ వృత్తాన్ని ఇస్తుంది. 54×40 మి.మీ. సెన్సర్‌ను అడ్డంగా అమర్చినప్పుడు ఆ వృత్తంలో నిలువుగా సుమారు 16 మి.మీ. జరపడానికి వీలుంటుంది. జరపకపోతే చిత్రం కింది అంచు క్షితిజరేఖకు 32 డిగ్రీల దిగువ వరకు చేరుతుంది. జరిపితే 48 డిగ్రీలు దాటుతుంది. లోయ లోతు 90 మీటర్లు అనుకుంటే, మొదటి సందర్భంలో అడుగున 144 మీటర్ల ఆవల ఉన్నది మాత్రమే చిత్రంలోకి వస్తుంది. రెండవ సందర్భంలో 80 మీటర్ల నుంచే కనిపిస్తుంది. ఇరుకైన లోయలో నది చిత్రంలో ఉండటానికీ లేకపోవడానికీ ఈ తేడా చాలు.

విశాలకోణం వల్ల మరొక చిక్కు ఉంది. ఎదుటి గట్టు 300 మీటర్ల దూరంలో 90 మీటర్ల ఎత్తుతో ఉందనుకుందాం. 23 మి.మీ. కటకం దానిని సెన్సర్‌పై సుమారు 7 మి.మీ. ఎత్తుగా నమోదు చేస్తుంది. 70 మి.మీ. కటకం 21 మి.మీ.గా చూపుతుంది. అంటే విశాలకోణం లోయను విశాలం చేస్తూనే దాని ఎత్తును కుదిస్తుంది. అంచున ఉన్న బండరాయి మాత్రం పెద్దదవుతుంది. చూపరికి కలిగే లోతు భావన ఈ ముందుభాగం నుంచి వచ్చేదే.

4. రంగు మారితే రాయి మారుతుంది

విశాలకోణ కటకం అంచుల నుంచి వచ్చే కిరణాలు సెన్సర్‌ను ఏటవాలుగా తాకుతాయి. సమరూప నిర్మాణం గల కటకంలో ఈ కోణం 45 డిగ్రీలకు చేరితే, అక్కడి కాంతి మధ్యభాగపు కాంతిలో నాలుగోవంతుకు తగ్గుతుంది. అంతేకాక, ఏటవాలు కిరణాలు పక్క పిక్సెళ్లలోకి చొరబడి చిత్రానికి ఒకవైపు ఆకుపచ్చ, మరొకవైపు గులాబీ ఛాయను కలిగిస్తాయి. కటకాన్ని జరిపిన కొద్దీ ఈ దోషం పెరుగుతుంది.

గండికోటలో ఇది కేవలం సౌందర్య సమస్య కాదు. అక్కడి శిల భూవిజ్ఞానంలో ‘గండికోట క్వార్ట్‌జైట్’ అనే పేరుతోనే ప్రసిద్ధం. శిలాకుడ్యంలోని ఎరుపు ఛాయలను, పొరలను పోల్చి చూసే పరిశోధకుని కృత్రిమ ఛాయ తప్పుదారి పట్టిస్తుంది. నివారణ సులభమే. ప్రతి చిత్రం తరువాత అదే జరుపు, అదే ద్వారపరిమాణంతో, కటకం ముందు పాలరంగు ఫలకాన్ని ఉంచి మరొక చిత్రం తీయాలి. దాని ఆధారంగా సాఫ్ట్‌వేర్ దోషాన్ని తొలగిస్తుంది. జరుపు మారితే ఫలకచిత్రం కూడా మళ్లీ తీయాలి. వెనుకవైపు నుంచి కాంతిని స్వీకరించే నూతన సెన్సర్లలో ఈ దోషం బాగా తగ్గింది.

5. పులివెందుల, ప్రొద్దుటూరు: విశాలకోణం చాలని చోటు

పులివెందుల పేరుతోనూ ఒక శిలావిభాగం ఉంది. చిత్రావతి వర్గంలో అడుగున పులివెందుల క్వార్ట్‌జైట్, పైన గండికోట క్వార్ట్‌జైట్ ఉన్నాయి. కానీ పులివెందుల పరిసరాల్లో ఆ కొండల వరుసలు దూరాన, తోటలకు ఆవల కనిపిస్తాయి. 5 కిలోమీటర్ల దూరంలో 100 మీటర్ల ఎత్తున్న గుట్ట 32 మి.మీ. కటకంతో సెన్సర్‌పై ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఇక్కడ దీర్ఘ నాభ్యంతరం గల కటకంతో అనేక చిత్రాలు తీసి పక్కపక్కన అతకడమే మేలు.

ప్రొద్దుటూరు వద్ద పెన్నా పరీవాహకం మైదానం. నిలువు ఆధారం లేని ఆ దృశ్యంలో విశాలకోణం ఆకాశాన్నీ నేలనూ పెంచి, వాటి నడుమ ఉన్న ఊరిని సన్నని గీతగా మారుస్తుంది. ముందుభాగంలో ఇసుక తిన్నె, నీటిపాయ వంటి వివరం ఉన్నప్పుడే అక్కడ ఈ కటకం సార్థకమవుతుంది.

6. ముగింపు

విశాలకోణ కటకం దృశ్యాన్ని ఎక్కువగా చూపుతుందనడం సగం సత్యమే. అది విస్తృతిని పెంచి, దూరంలోని పరిమాణాన్ని తగ్గిస్తుంది. మధ్యమ ఫార్మాట్ డిజిటల్ బ్యాక్‌తో వాడినప్పుడు సెన్సర్ కొలత, కటకం జరుపు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. కనుక గండికోట వంటి మారుతున్న భూదృశ్యాన్ని నమోదు చేసే పరిశోధకులు ప్రతి చిత్రంతో పాటు నిలబడిన స్థానం, కెమెరా ఎత్తు, దిశ, నాభ్యంతరం, సెన్సర్ కొలత, జరుపు, తేదీ రాసి ఉంచడం అవసరం. ఆ వివరాలుంటే తరువాతి తరం పరిశోధకుడు అదే చోట నిలబడి, అదే కోణంలో మళ్లీ చిత్రం తీసి, మారినది నీటిమట్టమా, కేవలం కటకమా అన్నది తేల్చగలడు.