పెరటిదొడ్డియు వేసవి చుట్టములును



నేటి నా ప్రసంగమునకు విషయము పెరటిదొడ్డి. ఇందు రేడియోలో చెప్పదగినదేమున్నదని మీలో కొందరు అనుకొనవచ్చును. ముప్పదియైదేండ్లు బడిపంతులనై పిల్లలకు శబ్దములును ఛందస్సును చెప్పినవాడనేకాని తోటపనిలో నేను పండితుడను కాను. అయినను ఆ పని తెలియకపోవుటచేత నేను చేసిన తప్పొకటి కలదు. దానివలన నేర్చుకొన్న పాఠమునే మీకు విన్నవింపబూనితిని.

మనకు వసంతమనగా చైత్రవైశాఖములు. కవులు దానిని కోకిలలతోను చిగురుటాకులతోను ముడిపెట్టిరి. కాని తెలుగునేలపై చైత్రము నడుచుచుండగనే ఎండ ముదురును. కావున వసంతమును వేసవి తొలినాళ్లును మనకు ఒక్కటియే. అప్పుడు వేప పూయును, మామిడిపిందె కాయయగును, క్రొత్త చింతపండు ఇల్లుచేరును. ఉగాదిపచ్చడిలో పడు వస్తువులలో ముఖ్యమైనవన్నియు ఆ దినములలో చేతికందునవే. పండుగలు పంచాంగములోనుండి మాత్రమే కాదు, పెరటిలోనుండి కూడ వచ్చినవని నేను పిల్లలకు చెప్పుచుండెడివాడను.

మా యిల్లు కృష్ణాడెల్టాలోని యొక గ్రామమున నున్నది. 1855వ సంవత్సరమున బెజవాడకడ ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమకు కాలువనీరు సమృద్ధిగా వచ్చినది. అయినను వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అప్పుడు ఇంటికి నుయ్యియే దిక్కు. మా నూతిప్రక్కన వేపచెట్టు, ఈశాన్యమున తులసికోట, గిన్నెలు కడిగిన నీరు పారుచోట అరటిబోదెలు, గోడవారగా కరివేప, నిమ్మ, మూలను మామిడి, వంటయింటి కిటికీ యెదుట మల్లెపొద. ఇది మా తల్లిగారు తీర్చిన క్రమము. బడులు మూసినంతనే అక్కచెల్లెండ్రు పిల్లలతో వచ్చి దిగెడివారు. మధ్యాహ్నము వేపక్రింద మంచములు, సాయంకాలము కళ్లాపి చల్లిన నేలపై చాపలు. ఇంటిలో కాపురమున్నట్లుండెడిదికాదు, దొడ్డిలోనే ఉన్నట్లుండెడిది.

చెట్టునీడ పాకనీడకంటె ఏల చల్లగానుండును? పాక ఎండను అడ్డగించును, అంతే. చెట్టు అడ్డగించుటయేకాక వేళ్లతో త్రాగిన నీటిని ఆకులలోని సన్నని రంధ్రములగుండ ఆవిరిగా విడుచును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడిమి కావలయును. ఆ వేడిమిని చెట్టు తన ఆకులనుండియు, చుట్టునున్న గాలినుండియు తీసికొనును. క్రొత్తకుండలోని నీరు చల్లబడుటయు ఈ సూత్రము చొప్పుననే. కుండ చెమర్చును, చెట్టును చెమర్చును. కాని త్రాగుటకు నేలలో తడి యున్నపుడే చెట్టు చెమర్చగలదు. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. నా తప్పు ఇక్కడనే యున్నది.

ఇక మల్లె. చలికాలమున దీనికి నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసివేయుదురు. పిదప మొదట త్రవ్వి, ఎరువువేసి, నీరు పెట్టినచో క్రొత్త కొమ్మలు వచ్చును. పూవు పూయునది ఆ క్రొత్తకొమ్మల చివరలనే. కత్తిరింపని పొద ఆకులతో దట్టముగానుండును కాని మొగ్గలు తక్కువ. మల్లె సంధ్యవేళ విచ్చును. చీకటిలో రంగు కనబడదు గనుక తెలుపును పరిమళమునే నమ్ముకొన్న పూవిది. కాబట్టియే మన స్త్రీలు మొగ్గలను మాపటిపూటకు ముందే కోసి మాలగట్టుదురు. విచ్చుట కొప్పులలో జరుగును.

వైశాఖము వచ్చుసరికి ఆవకాయ. ఇది వంటకము మాత్రమేకాదు, ఇంటిల్లిపాదికి పని. పులుపుగల, గట్టిగా టెంకపట్టిన కాయను ఎంచవలెను. పిల్లలు కాయలను కడిగి పొడిబట్టతో తుడుతురు; మగవారు కత్తిపీటతో ముక్కలు కొట్టుదురు; ముక్కకు టెంక అంటియుండునట్లు చూచి లోని జీడిని తీసివేయుదురు. ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపి జాడీకెత్తి మూడవనాడు తిరుగగలుపుదురు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగును. ఆ ఉప్పునందును పులుపునందును కుళ్లించు సూక్ష్మజీవులు బ్రతుకజాలవు. ఆవఘాటు వానిని మరింత అణచును. పైకి తేలిన నూనె గాలిని సోకనీయదు. అందుచేతనే తడిచేయి తగులరాదని పెద్దలు కోపపడుట. మా యింట ఉప్పు నిర్ణయించునది మా అక్కగారు. కొలపాత్ర నెన్నడును ముట్టలేదు, పిడికిటనే కొలత. జాడీకెత్తిన పిదప బేసినులో మిగిలిన పిండిలో వేడియన్నము కలిపి ఆమె ముద్దలు పెట్టుచుండగా, ముసలివారముకూడ పిల్లల వరుసలో చేతులు చాచెడివారము.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను. 2015వ సంవత్సరమున మా చిన్నమ్మాయి వివాహము. వచ్చువారికి కాళ్ల బురద యంటునని, ఊడ్చుట కష్టమని తలచి, నేను పెరడంతయు సిమెంటు గచ్చు చేయించితిని. చెట్ల మొదళ్లకడ మాత్రము మూరెడేసి గుంటలు వదలించితిని. చూచినవారందరు దొడ్డి అద్దమువలెనున్నదని మెచ్చుకొనిరి. నేనును మురిసితిని.

మరుసటి వేసవినుండి దాని ఫలము కనబడసాగెను. గచ్చు పగలంతయు వేడిని త్రాగి రాత్రి కక్కుచుండెను. చాప వేయుటకు వీలులేదు. మామిడి పిందెలు రాలెను. పిందెలు రాలుట సహజమే. మామిడిపూతలో అధికభాగము మగపూవులే, నిలిచిన పిందెలలోను కాయలగునవి కొన్నియే. కాని ఈ రాలుట వేరు, చెట్టు దాహమువలనిది. 2018వ సంవత్సరమున మల్లెపొద నిలువున ఎండిపోయెను. చుట్టములు వచ్చినను ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారము. చల్లనిగాలి యంత్రమువేసికొని తలుపులు మూసికొనెడివారు. ఆ యేడు ఆవకాయముక్కలు అంగడిలో కొట్టించి తెచ్చితిమి.

మా అక్కగారు దొడ్డిగుమ్మమున నిలిచి గచ్చువంక చాలసేపు చూచినది. “ఏమిరా తమ్ముడూ, మేమెక్కడ కూర్చుంటామురా?” అన్నది. మరేమియు అనలేదు. 2019 వేసవికి ఆమె రాలేదు. మోకాళ్లనొప్పియని కబురుచేసినది. నేనా మాట నమ్మితిని. నమ్ముట నాకు సులభముగానుండెను.

ఆ వర్షాకాలమున ఒకనాడు అరుగుపై కూర్చుండి, వాననీరు గచ్చుమీదనుండి వీథిలోని మురుగుకాలువకు పరుగెత్తుట చూచితిని. బడిపంతులను గనుక లెక్కవేసితిని. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు. మా సీమలో ఏడాదికి ఇంచుమించు 900 మిల్లీమీటర్ల వాన కురియును. నా గచ్చు 100 చదరపు మీటర్లు. అనగా ఏడాదికి 90,000 లీటర్ల నీరు. అందు కొంత ఆవిరియగును, కొంత ఎట్లును పారిపోవును. అయినను మిగిలిన భాగము భూమిలో ఇంకవలసినది, దానిని నేను చేజేతుల వీథిపాలు చేసితిని. నూతినీరు తగ్గుటకు నా దొడ్డియొక్కటియే కారణమనుట సత్యము కాదు. ఊరిలో అందరును ఇట్లే చేసిరి, కాలువలు కట్టిన దినములలో ఆ లోటు అందరి నూతులందును కనబడినది. కాని అందరిలో నేనొకడనుకదా!

ఆ శీతకాలమున గచ్చు పగులగొట్టించితిని. నూతిచుట్టును నడకదారియు మాత్రము మిగిల్చితిని. చెట్లకు కొమ్మల వ్యాపకమంత వెడల్పున పాదులు తీసి, రాలినయాకును ఊడ్చి పారవేయక పాదులలోనే పరపితిని. అది తడిని ఆరనీయదు. నిమ్మమొదట నున్నని పూతలేని మట్టికుండను మెడవరకు పాతి నీరు నింపితిని. కుండ చెమర్చి వేళ్లకు కొంచెము కొంచెముగా నీరందించును. నీరు పోయుట ఉదయముననో, ప్రొద్దుగ్రుంకిన పిదపనో పెట్టుకొంటిని. ఇంతచేసి చుట్టములకొరకు ఎదురుచూచుచుండగా 2020 వేసవిలో కరోనావ్యాధి నిర్బంధము వచ్చినది. దొడ్డి చల్లబడినది, కూర్చుండువారే లేరు. నేనును నా భార్యయు రెండు మంచములు వేసికొని తక్కిన చోటును చూచుచు కాలము గడపితిమి.

2021 వానలలో మా అక్కగారి మనుమడు గోనెగుడ్డలో చుట్టిన యొక మొక్కను తెచ్చి యిచ్చెను. మల్లెయంటు. యాబదియేండ్లక్రిందట అక్కగారు అత్తవారింటికి వెళ్లుచు మా అమ్మ పొదనుండి అంటు తీసికొనిపోయెనట. ఆ సంగతి నేనెరుగను. అంటుకట్టుట కష్టము కాదు. వానకాలమున క్రిందికొమ్మను వంచి, కణుపుకడ బెరడు కొంచెము గీచి, ఆ భాగమును మట్టిలో కప్పి రాయి యెత్తవలెను. తడి యారకున్నచో కొన్ని వారములకు వేళ్లు దిగును. అప్పుడు తల్లినుండి కోసి వేరుచేయవలెను. ఇట్లు వచ్చిన మొక్క తల్లిచెట్టు స్వభావమునే కలిగియుండును. కనుక మా యింట చచ్చిన పొదయే మా యింటికి మరల వచ్చినదన్నమాట.

2023 వేసవిలో అది పూచినది. అక్కగారును వచ్చినది. మోకాళ్లనొప్పి నిజమే, కఱ్ఱ పట్టుకొని వచ్చినది. వేపక్రింద మంచముపై కూర్చుండి మొగ్గలు మాలగట్టినది. మామిడి మునుపటంత కాయలేదు, నుయ్యి మునుపటంత నిండలేదు; ఆ సంగతి దాచను. ఆవకాయ మాత్రము దొడ్డిలోనే కలిపితిమి, ఉప్పు ఆమె పిడికిటనే పడినది.

శ్రోతలలో అందరికిని దొడ్లుండవు. మిద్దెమీద కుండీలోనైనను మల్లెయు కరివేపయు పెరుగును. దొడ్డియున్నవారు మాత్రము గచ్చు చేయించుటకు ముందు, వేసవిలో ఎవరెవరు ఎక్కడ కూర్చుందురో యొకసారి లెక్కపెట్టుకొనుడు. మీ యింట మంచి మల్లెపొద యున్నచో రాబోవు వానలలో దానికి రెండంటులు కట్టి, ఒకటి ఆడపడుచుకిండు, ఒకటి పొరుగువారికిండు. ఎప్పుడైన మీది ఎండిపోయినచో, అడిగి తెచ్చుకొనుటకు ఒక యిల్లుండును.

సెలవు.