ఆలస్యంగా వచ్చే అక్షరాలు

విద్యార్థులారా! తరగతి మొదలుకాగానే ఉపాధ్యాయుడు "పాఠంలో ఒక అచ్చుతప్పు ఉంది, దిద్దుకోండి" అన్నాడనుకోండి. అప్పటికి వచ్చినవాళ్ళు దిద్దుకుంటారు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడి పుస్తకంలో తప్పు అలాగే ఉండిపోతుంది. కంప్యూటరు తెరమీద కూడా ఇటువంటి చిక్కే వస్తుంది.

మద్రాసు నగరం పేరు 1996లో చెన్నైగా మారింది. ఒక వెబ్ పేజీలో 'మద్రాసు' అని ఉన్నచోటల్లా 'చెన్నై' అని కనిపించాలనుకుందాం. ఈ పనికి జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాష పనికివస్తుంది. నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తూ బ్రెండన్ ఐక్ 1995లో దీన్ని రూపొందించాడు.

పేజీ తెరవగానే బ్రౌజర్ దాన్ని ఒక చెట్టులాగా అమర్చుకుంటుంది. శీర్షికలు, పేరాలు కొమ్మలైతే, వాటిలోని మాటలు ఆకులు. మనం రాసిన ప్రోగ్రాం ఒక్కొక్క ఆకునే చూసి మాట మారుస్తుంది. ఆకులనే మార్చాలి సుమా! కొమ్మనే తీసివేసి కొత్తది అతికిస్తే, దానిమీది బటన్లు నొక్కినా పలకకపోవచ్చు.

సరే, మాటలు మారాయి. పేజీని కిందికి జరిపాం. మళ్ళీ 'మద్రాసు' ప్రత్యక్షం! కారణమేమిటి? నేడు చాలా పేజీలు ఒక్కసారిగా రావు. మనం జరిపేకొద్దీ సర్వర్ నుంచి కొత్త భాగాలు వచ్చి చెట్టుకు చేరతాయి. మన ప్రోగ్రాం అప్పటికే పని ముగించింది. ఈ కొత్త ఆకులు ఆలస్యంగా వచ్చిన విద్యార్థుల వంటివన్నమాట.

క్షణక్షణం చెట్టంతా వెతకవచ్చు గాని, అది వృథా శ్రమ. గుమ్మం దగ్గర కాపలావాణ్ణి పెట్టడం మేలు. బ్రౌజర్లోని 'మ్యుటేషన్ అబ్జర్వర్' అటువంటి కాపలావాడే. కొత్త ఆకు చేరినా, ఉన్న ఆకు మారినా ప్రోగ్రాంకు కబురు చేస్తాడు. అప్పుడు ఆ ఆకును మాత్రం దిద్దితే చాలు.

ఇక్కడొక ప్రమాదం ఉంది. 'మద్రాసు' బదులు 'నాటి మద్రాసు' అని పెట్టామనుకోండి. మనం చేసిన మార్పును చూసి కూడా కాపలావాడు కబురు చేస్తాడు. కొత్త మాటలోనూ 'మద్రాసు' ఉంది కదా! అది 'నాటి నాటి మద్రాసు' అవుతుంది. మళ్ళీ కబురు, మళ్ళీ మార్పు! చివరకు పేజీ స్తంభించిపోతుంది. కనుక ఒకసారి దిద్దిన ఆకుకు గుర్తు పెట్టి, దాన్ని వదిలేయాలి.

అసలు జాగ్రత్త మరొకటి. 1953లో ఆంధ్రరాష్ట్రం మద్రాసు రాష్ట్రం నుంచి విడివడింది. మన ప్రోగ్రాం ఈ వాక్యాన్ని కూడా 'చెన్నై రాష్ట్రం' అని మార్చేస్తుంది. అటువంటి రాష్ట్రం ఎన్నడూ లేదు! మద్రాసు హైకోర్టుకు నేటికీ అదే పేరు. యంత్రానికి అక్షరాలే తెలుసు, అర్థం తెలియదు.

మారింది మీ తెరమీది ప్రతి మాత్రమే. సర్వర్లోని పేజీ చెక్కుచెదరదు. కాబట్టి ఎవరైనా తెర ఫొటో చూపి "ఇందులో ఇలా ఉంది" అంటే వెంటనే నమ్మకండి. అసలు పేజీని మీరే తెరిచి చూడండి.