చర్చి క్యాలెండర్‌లో కొత్త ఏడాది జనవరిలో రాదు.. కడప మేత్రాసనంలో బిషప్ మాటకి అసలు పరీక్ష ఏ పండక్కి?

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, కుప్పం.. ఈ ఊళ్లలో డిసెంబర్ వస్తే ఇళ్ల మీద స్టార్లు వెలుగుతాయి. గుడ్ ఫ్రైడే రోజు సిలువ మోసుకుంటూ జనం నడుస్తారు. బయటివాళ్లకి చర్చి అంటే కనిపించేది ఈ రెండే. కానీ క్యాథలిక్ చర్చికి ఒక పూర్తి పంచాంగం ఉంది. ఏ ఆదివారం ఏ రంగు వస్త్రం కట్టాలి, బైబిల్లో ఏ భాగం చదవాలి, ఎప్పుడు ఉపవాసం ఉండాలి.. అన్నీ ముందే ఖరారై ఉంటాయి. బిషప్ గారు ఆ ఏడాది పొడవునా విశ్వాసం గురించి చెప్పే మాటలు కూడా ఈ పంచాంగం దారిలోనే నడుస్తాయి. ఆ మాటలు ఎక్కడ బరువెక్కుతాయి? రాయలసీమలో వాటికి ఎదురైన చిక్కు ఏంటి?

ముందు ఈ ప్రాంతం సంగతి

ఉమ్మడి చిత్తూరు, ఉమ్మడి కడప జిల్లాల క్యాథలిక్కులంతా కడప మేత్రాసనం కిందకి వస్తారు. ఒక బిషప్ పరిధిలో ఉండే ప్రాంతాన్నే మేత్రాసనం అంటారు. 1976 అక్టోబర్ 19న దీన్ని నెల్లూరు మేత్రాసనం నుంచి విడదీశారు. జిల్లాలు మారినా చర్చి హద్దులు మారలేదు. అందుకే ఇప్పటి తిరుపతి జిల్లాలో గూడూరు, సూళ్లూరుపేట వైపు వాళ్లకి బిషప్ నెల్లూరులో ఉంటే, తిరుపతి టౌన్ వాళ్లకి కడపలో ఉంటారు. కుప్పం నుంచి చూస్తే కడప కన్నా బెంగళూరు చాలా దగ్గర. అయినా సరే, వాళ్ల బిషప్ కడపలోనే.

ఇక్కడ క్యాథలిక్కుల చరిత్ర కొత్తదేం కాదు. 1700ల మొదట్లోనే ఫ్రెంచ్ జెజూయిట్ ఫాదర్లు పుంగనూరుకి వచ్చారు. కాషాయం కట్టి, మాంసం మానేసి, సన్యాసుల్లా బతికారు. అంతకు వందేళ్ల ముందే మధురైలో రాబర్ట్ డి నోబిలి వేసిన దారి అది. ఇప్పటికీ చర్చి తెలుగులో ఆ వాసన పోలేదు. బాప్టిజం అనరు, జ్ఞానస్నానం అంటారు. లెంట్ అంటే తపస్కాలం. యాష్ వెడ్నెస్‌డే అంటే విభూది బుధవారం. తిరుపతిలో ఉండేవాళ్లకి ఈ మాటల అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏడాది ఎలా తిరుగుతుంది?

చర్చికి ఉగాది నవంబర్ చివర్లోనో, డిసెంబర్ మొదట్లోనో వస్తుంది. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు వచ్చేలా ఆగమన కాలం మొదలవుతుంది. తర్వాత క్రిస్మస్, కొన్ని వారాల సామాన్య కాలం, ఆపైన విభూది బుధవారం నుంచి తపస్కాలం. ఈస్టర్ లెక్క మాత్రం మన పండగల్లాగే చంద్రుణ్ణి బట్టి ఉంటుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. 2025లో అది ఏప్రిల్ 20న వస్తే, 2026లో ఏప్రిల్ 5నే వచ్చింది. అక్కడి నుంచి 50వ రోజు పెంతెకోస్తు. మళ్లీ సామాన్య కాలం, చివరికి నవంబర్‌లో క్రీస్తురాజు పండగతో ఏడాది ముగుస్తుంది.

తపస్కాలానికి, ఆగమన కాలానికి ఊదా రంగు. పండగలకి తెలుపు. పెంతెకోస్తుకి ఎరుపు. సామాన్య కాలమంతా ఆకుపచ్చ.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆదివారం ఏం చదవాలో బిషప్ ఎంచుకోరు. మూడేళ్లకోసారి తిరిగే చక్రం ఉంది. ఒక ఏడాది మత్తయి, మరో ఏడాది మార్కు, ఇంకో ఏడాది లూకా సువిశేషం. రోమ్‌లో ఏ భాగం చదివితే చిత్తూరులోనూ అదే. మరి బిషప్ చేసేదేంటి? ఆ మాటని తన జనం బతుకులోకి తేవాలి. ప్రసంగం కష్టమంతా అక్కడే ఉంది.

2021 నవంబర్‌నే తీసుకోండి. 18న తిరుపతి వీధులు వరదలో మునిగాయి. 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట మండలంలో పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఇవన్నీ ఈ మేత్రాసనంలోవే. సరిగ్గా తొమ్మిది రోజులకి, నవంబర్ 28న ఆగమన కాలం మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజుకి ప్రపంచమంతా చదవాల్సిన భాగం లూకా 21వ అధ్యాయం. సముద్రపు హోరుకి, అలలకి జనం భయంతో కుంగిపోవడం గురించి యేసు చెప్పే మాటలు! ఎవరూ కావాలని పెట్టింది కాదు, ఎప్పుడో ఖరారైన పట్టిక. ఇల్లు పోయినవాళ్ల ముందు నిలబడి ఆ భాగం చదివి, తలెత్తుకుని ఆశతో ఎదురుచూడమని చెప్పడం ఏ ఫాదర్‌కైనా మామూలు పని కాదు.

విభూది బుధవారం నాటి పాఠం ఇంకో రకం. దానం, ప్రార్థన, ఉపవాసం.. మూడూ ఎవరికీ కనపడకుండా చేయమంటుంది. పాత మట్టలు కాల్చిన బూడిద నుదుటి మీద రాస్తారు. 18 నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లు ఆ రోజూ, గుడ్ ఫ్రైడే రోజూ ఒక్కపూట మాత్రమే కడుపునిండా తినాలి. కనపడకుండా చేయమన్న పాఠం విని, బయటికొచ్చి నుదుటి బూడిదతో సెల్ఫీ స్టేటస్ పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. అది వేరే సంగతి.

నూనె పండక్కి కడప వెళ్లాల్సిందే

ఏడాదిలో బిషప్ పాత్ర బాగా కనిపించేది పవిత్ర వారంలో. పవిత్ర గురువారం గానీ, దూరాలు ఎక్కువైన చోట అంతకు ముందు ఒక రోజు గానీ మేత్రాసనంలోని ఫాదర్లందరూ బిషప్ దగ్గరికి చేరతారు. అప్పుడు మూడు నూనెలు సిద్ధం చేస్తారు. ఒకటి జ్ఞానస్నానానికి తయారయ్యేవాళ్లకి, ఒకటి జబ్బుపడినవాళ్లకి. మూడోది క్రిజ్మా, పరిమళం కలిపిన నూనె. దీన్ని అభిషేకించే అధికారం బిషప్‌కే ఉంటుంది. ఆ ఏడాదంతా కుప్పంలో పసిబిడ్డకి జ్ఞానస్నానం ఇచ్చినా, పీలేరు దగ్గర పల్లెలో ముసలాయనకి అవస్థాభ్యంగనం చేసినా వాడేది ఈ నూనెలే. అదే పూజలో ఫాదర్లు బిషప్ ముందు తమ గురుత్వ వాగ్దానాలు మళ్లీ చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం పాదాలు కడిగే ఆచారం. యేసు శిష్యుల కాళ్లు కడిగినట్టు, గురువు వంగి జనం కాళ్లు కడుగుతారు. ఇందులో ఆడవాళ్లని కూడా కూర్చోబెట్టొచ్చని పోప్ ఫ్రాన్సిస్ 2016 జనవరిలో రూల్ మార్చారు. పైగా ఆ ఏడాదిని ఆయన కరుణా సంవత్సరంగా ప్రకటించారు.

అదే 2016లో కడపలో జరిగింది దేశమంతా చర్చ అయ్యింది. ఈస్టర్ మార్చి 27న అయిపోయింది. ఏప్రిల్ 25న, ఇంకా పాస్కా కాలం నడుస్తుండగానే, అప్పటి కడప బిషప్ గల్లెల ప్రసాద్‌ని, ఆయన డ్రైవర్‌ని కొందరు కిడ్నాప్ చేశారు. పూజ ముగించుకుని తిరిగొస్తుండగా కళ్లకి గంతలు కట్టి తీసుకెళ్లి కొట్టారు, మర్నాడు వదిలేశారు. తర్వాత పోలీసులు 14 మందిని అరెస్టు చేశారు. వాళ్లలో ముగ్గురు క్యాథలిక్ ఫాదర్లు కూడా ఉన్నారని చెప్పారు. అరెస్టు అంటే నేరం రుజువైనట్టు కాదు. కానీ దళిత వర్గం నుంచి వచ్చిన బిషప్ మీద జరిగిన ఈ దాడి వెనక కులం ఉందన్న ఆరోపణ అప్పుడే గట్టిగా వినిపించింది.

గురువారం కాళ్లు కడిగిన చర్చిలో కులం పోయిందా అన్న ప్రశ్న బయటివాళ్లే కాదు, చర్చి కూడా వేసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 13న భారత క్యాథలిక్ బిషప్‌ల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని విడుదల చేసింది. చర్చి లోపల కుల వివక్ష ఉందని, అది పాపమని ఆ పత్రంలో ఒప్పుకుంది. తీర్థయాత్రల గురించో పండగల గురించో రాసే లేఖల కన్నా ఇది వందరెట్లు కష్టమైన పత్రం.

ఇదే మేత్రాసనం నుంచి కార్డినల్

కథలో ఇంకో వైపు కూడా ఉంది. 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనానికే గురువుగా అభిషిక్తుడైన పూల ఆంథోనీ, 2008లో కర్నూలు బిషప్ అయ్యారు. 2021 జనవరిలో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్‌గా బాధ్యతలు తీసుకున్నారు. 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని కార్డినల్ చేశారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్ ఆయనే. దళిత వర్గం నుంచి కూడా ఆయనే మొదటివారు. 2025 మేలో పోప్ లియోని ఎన్నుకున్న ఓటింగులో కూర్చున్నారు.

సంవత్సరం చివర్లో వచ్చే ఆదివారం

నవంబర్ 2న సకల ఆత్మల దినం. మన దగ్గర సమాధుల పండగ అంటారు. సమాధులకి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ నెల రెండో ఆదివారాన్ని దేశంలోని క్యాథలిక్ చర్చి దళిత విమోచన ఆదివారంగా పాటిస్తోంది. ఆ రోజు ప్రసంగం ఎటు తిరిగినా 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దగ్గరికి రావాల్సిందే. మొదట హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చిన ఆ ఉత్తర్వులో 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఏపీలో క్రైస్తవంలోకి మారిన దళితులు బీసీ-సీ కిందకి వస్తారు, వాళ్ల రిజర్వేషన్ 1 శాతం. క్రైస్తవం తీసుకున్నవాళ్లకి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025 ఏప్రిల్ 30న ఏపీ హైకోర్టు కూడా చెప్పింది. అందుకే పల్లెల్లో ఆదివారం చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి. విశ్వాసం దాచుకోవద్దని చెప్పే పాఠం వాళ్ల ముందు చదివేటప్పుడు బిషప్‌కైనా, ఊరి ఉపదేశికైనా గొంతు తడబడుతుంది.

2026లో ఆ ఆదివారం నవంబర్ 8న. రెండు వారాలకి, 22న క్రీస్తురాజు పండగ. 29న మళ్లీ ఊదా వస్త్రాలు బయటికి తీస్తారు, మార్కు సువిశేషం మొదలవుతుంది.