వేపాకు, అంబలి, గాజులు: ఆడి మాసపు అమ్మవారి కథలు

జూలై నడుమ సూర్యుడు కర్కాటక రాశిలో ప్రవేశించగానే తమిళుల ఆడి మాసం మొదలవుతుంది. చెన్నై వీధులలో వేపాకు తోరణాలు వెలుస్తాయి. అమ్మవారి గుడుల ముందు పెద్ద గంగాళాలలో రాగి అంబలి కాచి, తల్లికి నివేదించి, గిన్నెతో వచ్చిన ప్రతివారికీ పోస్తారు. తమిళంలో ఆ అంబలి పేరు కూళ్. ఈ నగరానికి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలలో కొందరు ఇది పరాయి పండుగ అనుకొని దూరంగా నిలబడతారు. అయితే ఆ అంబలి వెనుక ఉన్న కథ రేణుకది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఎల్లమ్మగా కొలుపులు అందుకొనే తల్లి ఆమెయే.

భారతంలోని అరణ్యపర్వం ప్రకారం రేణుక జమదగ్ని మహర్షి భార్య. స్నానానికి వెళ్లిన ఆమె, జలక్రీడలాడుతున్న చిత్రరథుడనే రాజును చూచి క్షణకాలం చలించింది. అది గ్రహించిన ముని ఆమెను వధించమని కొడుకులను ఆజ్ఞాపించాడు. పెద్దవారు నలుగురూ ఆ పని చేయలేకపోయారు. పరశురాముడు తల్లిని నరికి, తండ్రి ఇచ్చిన వరంతో ఆమెను తిరిగి బ్రతికించుకొన్నాడు. జరిగినదేదీ ఆమెకు గుర్తుండరాదని కూడా కోరుకొన్నాడు.

పురాణం ఆ మరపుతో తృప్తి పడింది. జానపదులు తృప్తి పడలేదు. వారి కథలో రేణుకను కాపాడబోయి ఊరి వెలుపలి వాడకు చెందిన మరొక స్త్రీ కూడా తల కోల్పోతుంది. తొందరలో పరశురాముడు ఒకరి తలను వేరొకరి మొండేనికి అతికిస్తాడు. అలా లేచిన ఇద్దరూ దేవతలయ్యారు. ఒకరు మారియమ్మ, ఒకరు ఎల్లమ్మ. పలు గుడులలో అమ్మవారి శిరస్సును మాత్రమే ప్రతిష్ఠించి పూజించడానికి ఈ కథనే కారణంగా చెబుతారు. కులాల హద్దును దేవత దేహంలోనే చెరిపివేసిన ఈ కథను గ్రంథాలు కాక పల్లెపాటలు నిలిపి ఉంచడంలో ఆశ్చర్యం లేదు.

అంబలి కథ దీనికి కొనసాగింపు. కార్తవీర్యుని కుమారులు జమదగ్నిని చంపినప్పుడు రేణుక చితిలో ప్రవేశించిందట. ఇంతలో వాన కురిసి మంట ఆరింది. ఒళ్లంతా బొబ్బలెక్కిన ఆమె వేపాకులు చుట్టుకొని, ఆకలితో దగ్గరి పేదల వాడకు చేరింది. వారు తమకున్న పిండి, బెల్లం, కొబ్బరినీళ్లు ఇచ్చి ఆదుకొన్నారు. ఒంటిపై పొక్కులు లేచినవారికి వేపాకూ, చలువచేసే అంబలీ ఆనాటి నుంచే ఏర్పడ్డాయని నమ్మకం. తమిళంలో మారి అంటే వాన. తెలుగులో మారి అంటే జనాన్ని తుడిచిపెట్టే రోగం. రెండు అర్థాలూ ఈ తల్లికి సరిపోయాయి.

తెలుగువారికి మరింత దగ్గరి కథ చెన్నైకి వాయవ్యంగా, 40 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆరణి నది ఒడ్డున ఉన్న పెరియపాళయంలో వినిపిస్తుంది. అక్కడి భవానీ అమ్మవారి స్థలపురాణంలో ఆంధ్రదేశపు గాజుల వర్తకుడు ఒకడు ఉన్నాడు. వ్యాపారానికై వచ్చిన అతడు ఒక వేపచెట్టు కింద నిద్రించి లేచేసరికి గాజులు లేవు. పక్కనున్న పుట్టలోకి జారిపోయాయి. దిగులుతో ఇల్లు చేరిన అతనికి అమ్మవారు కలలో కనిపించి, తాను రేణుకాభవానిననీ, ఆ గాజులు తన చేతులకే ఉన్నాయనీ చెప్పిందట. బ్రతుకుతెరువుకై పొరుగు నేలకు వచ్చి సరుకు పోగొట్టుకొన్నవాడి కథ ఇది. ఆడి ఆదివారాలలో ఇక్కడ వేపాకు చీర మొక్కు తీర్చుకొనేవారిలో నేటికీ తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆడి నెలలో పుబ్బ నక్షత్రం నాడు, అంటే ఆడిపూరం నాడు, అనేక గుడులలో అమ్మవారిని గాజులతో అలంకరించి, వాటిని స్త్రీలకు పంచుతారు.

తెలుగువారి ఆషాఢం చాంద్రమాసం, ఆడి సౌరమాసం. అందువల్ల ఆడి ముగియకముందే సాధారణంగా శ్రావణం వచ్చేస్తుంది. మన ఇంట పెళ్లిమాటలు మొదలైన రోజులలో పొరుగింట ఇంకా వాటిని తలపెట్టకపోవడానికి కారణం ఇదే.

ఈ కొలుపుల వెనుక ఉన్న భయం నిజమైనది. మశూచి తరతరాలుగా ఊళ్లను ఖాళీ చేసింది. గిండీలో 1899లో నెలకొల్పిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆ రోగానికి టీకామందు తయారుచేసింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలనను ప్రకటించింది. మిగిలినది ఆటలమ్మ. అది సోకిన ఇంట ‘అమ్మవారు పోసింది’ అని గుమ్మానికి వేపమండ కట్టి, వైద్యుని వద్దకు వెళ్లడం అపచారమని ఆగిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. వేపమండ ఉండవచ్చు, చూపించుకోవడమూ జరగాలి. ముఖ్యంగా గర్భిణులకు, పసికందులకు, వయసు మళ్లినవారికి ఈ జబ్బు ప్రమాదకరం కాగలదు. నగరపాలక సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో వైద్యులు అందుబాటులో ఉంటారు. వేపనీటి స్నానం ఏ రోజున అన్నది ఇంటి పెద్దల మాట. పిల్లలను బడికి పంపడం మాత్రం పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టిన తరువాతనే.